తిప్పి నిలబెట్టిన రాయి

అమరావతి వెళ్లొచ్చిన వాళ్లను "ఏమేం చూశారు?" అని అడిగి చూడండి. అమరేశ్వరుడి గుడి అంటారు, కృష్ణ స్నానం అంటారు, 125 అడుగుల ధ్యానబుద్ధుడి దగ్గర ఫొటోలు దిగామంటారు. అక్కడి పాత బౌద్ధ స్తూపం, మహాచైత్యం మాట మనం గుర్తు చేస్తే గాని రాదు. "ఆఁ, అదా... అదీ చూశాం. ఏముందండీ అక్కడ, ఇటుకలూ గడ్డీ" అంటారు. వాళ్లది తప్పని నేననను. గేటు దాటి లోపలికి పోతే కంటికి కనిపించేది అంతే. గుండ్రంగా ఒక ఇటుక అరుగు, దాని మీద పచ్చిక, చుట్టూ నడిచే దారి, దారి వెంట అక్కడక్కడ నిలబెట్టిన విరిగిన రాతి పలకలు. ఆ అరుగు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేసరికి మాత్రం కాళ్లకు లెక్క తెలుస్తుంది. దాని అడ్డకొలత సుమారు 50 మీటర్లు. "ఇంత పెద్ద పునాది మీద ఉండాల్సింది ఏమైపోయింది?" అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది.

ఈ పూట నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే. ఊరు పెరుగుతున్నప్పుడు పాత కట్టడాన్ని ఏం చెయ్యాలి? ఉంచాలా, పడగొట్టి కొత్తది లేపాలా? ఈ తగువు ఈ రోజుల్లో పుట్టిందని మనం అనుకుంటాం. అమరావతిలో దీని వయసు రెండు వందల ఏళ్ల పైమాటే.

ఆ స్తూపం కొద్దికాలం వెలిగి ఆరిపోయినదేమీ కాదు. శాతవాహనుల నాటికే దానికి గొప్ప పేరు. అమరేశ్వరాలయంలో స్తంభం మీద 1182 నాటి శాసనం ఒకటుంది. కోట వంశపు కేతరాజు బుద్ధుడికి ఊళ్లూ దీపాలూ ఇచ్చాడని అందులో రాసి ఉంది. 1234 నాటి శాసనం కూడా బుద్ధుడి ముందు వెలగాల్సిన దీపం గురించే. శివుడి గుడి స్తంభం మీద బుద్ధుడి దీపాల లెక్క! శ్రీలంకలోని గడలాదెణియ శాసనమైతే 1344 నాటిది. ధాన్యకటకంలో, అంటే ఈ చోటే, ధమ్మకిత్తి అనే భిక్షువు ఒక బుద్ధ మందిరాన్ని బాగుచేయించాడని అది చెబుతుంది. అంటే పదిహేను వందల ఏళ్లకు పైగా ఆ చోటు మనుషుల రాకపోకలతో బతికింది. ఆ తర్వాత బౌద్ధం పోయింది, మట్టి కమ్మింది. పేరు తెలియని జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు.

ఇక 1790ల దగ్గరికి వద్దాం. చింతపల్లి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని కృష్ణ ఒడ్డుకు, అమరేశ్వరుడి నీడకు మార్చుకున్నాడు. కొత్త ఊరంటే మాటలా? వీధులు తీర్చాలి, ఇళ్లు లేవాలి, గుడి బాగుచెయ్యాలి, కోనేటికి మెట్లు కట్టాలి. ఇటుక కావాలి, రాయి కావాలి. అవి పక్కనే దిన్నె నిండా ఉన్నాయి. తవ్వినకొద్దీ ఇటుక, తవ్వినకొద్దీ చెక్కిన పలక. పనివాళ్లు వాటిని బండ్లకెత్తారు.

వెంకటాద్రి నాయుణ్ణి ఇక్కడ దోషిగా నిలబెట్టడం తేలిక. నాకు అది న్యాయమనిపించదు. ఈనాటికీ గుళ్లకు ఆయన చేసిన దానాలు చెప్పుకుంటాం. తను తవ్విస్తున్నది ఏమిటో ఆయనకు చెప్పగలిగినవాడు ఆ రోజున ఊళ్లో ఒక్కడు లేడు. ఆ లిపి చదివేవాడు లేడు, ఆ బొమ్మల కథ తెలిసినవాడు లేడు. తెలియని పుస్తకాన్ని చింపి పొట్లం కట్టినట్టు జరిగిపోయింది.

ఆ సంగతి చెవినపడి 1797లో, తర్వాతి రోజుల్లో కల్నల్ అయిన కాలిన్ మెకంజీ వచ్చాడు. మన ఊళ్ల కైఫీయతులు రాయించి పెట్టినవాడు, కావలి సోదరుల సాయంతో తెలుగు నేల చరిత్రను మూటకట్టినవాడు ఆయనే. అప్పుడు చూసి వెళ్లి, మళ్లీ 1816లో మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఈలోగా దిన్నె నడినెత్తిన చెరువు కోసం గొయ్యి తవ్వేశారు. మిగిలిన పలకల్ని ఆయన మనుషులు కొలిచి, బొమ్మలు గీశారు. ఆ బొమ్మల్లో ఉన్న పలకలు కొన్ని ఇవాళ ఎక్కడా లేవు. కాగితం మీదే మిగిలాయి.

ఎక్కడా లేవంటే ఏమయ్యాయి? కొన్ని మెట్లయ్యాయి. కొన్ని గోడల్లోకి పోయాయి. కొన్ని సున్నపు బట్టీల్లోకి పోయాయి. స్తూపానికి వాడింది సున్నపురాయి, మన పల్నాడు రాయి. పిడుగురాళ్ల దాటుతుంటే బట్టీల పొగ ఇప్పటికీ కనిపిస్తుంది కదా, ఆ జాతి రాయే. ఉలి పట్టినవాడి చేతిలో అది పద్మమవుతుంది, బట్టీలో పడితే గోడకు పూసే సున్నమవుతుంది.

ఇంతవరకు తెలియనివాళ్లు చేసిన నష్టం చెప్పాను. తెలిసినవాళ్ల సంగతి కూడా వినండి. నన్ను ఎక్కువగా కలతపెట్టేది అదే.

1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి, దొరికిన శిల్పాల్ని మద్రాసుకు పంపాడు. అక్కడవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో వాటిని ఓడెక్కించి లండన్ చేర్చారు. లండన్‌లోనూ వాటికి వెంటనే చోటు దొరకలేదు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే పండితుడు వెతుక్కుంటూ వెళితే గుర్రపు బండ్ల కొట్టంలో బయటపడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి చేరాయి. ఈనాటికీ అక్కడే ఉన్నాయి.

1877లో రాబర్ట్ సీవెల్ అనే అధికారి మళ్లీ తవ్వాడు. కొన్ని రాళ్లు పాతినచోటే పాతినట్టు ఇంకా నిలిచి ఉన్నాయని కనిపెట్టాడు. అంత నష్టం జరిగాక కూడా స్తూపం అసలు రూపం నేలలో కొంత మిగిలే ఉందన్నమాట. ఆ మాట విని మద్రాసు గవర్నరు, డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్, 1880లో దిన్నె మొత్తం మట్టి తీసి శుభ్రం చెయ్యమన్నాడు. ఉద్దేశం మంచిదే. కాపాడదామనే. పలుగులు పడ్డాయి, మట్టి లేచింది, రాళ్లు బయటికొచ్చాయి. ఏ రాయి ఎక్కడ నిలబడి ఉంది, దాని పక్కది ఏది, ఎటు తిరిగి ఉంది, ఇవి సరిగా రాసి పెట్టినవాడు లేడు. మరుసటి ఏడు పురావస్తు శాఖ తరఫున జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే అక్కడున్నది పెద్ద గొయ్యి. జమీందారు పనివాళ్ల పలుగుకు మిగిలింది కాస్తా రక్షించబోయినవాళ్ల పలుగుకు పోయింది.

ఈ రాళ్లను ఎక్కడున్నవి అక్కడే ఉంచాలని వాదించిన ఇంగ్లీషు అధికారి ఒకడు లేకపోలేదు. హెన్రీ కోల్ ఆయన పేరు. మ్యూజియాలకు అచ్చులు తీసి పంపండి, అసలు రాయిని కదపకండి అన్నాడు. ఆయన మాట నెగ్గలేదు. శిల్పాలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. అక్కడ వాటిని గోడల్లో సిమెంటు పెట్టి బిగించారు. పడిపోకుండా నిలబెట్టిన ఆ సిమెంటే పోనుపోను రాయికి చేటయింది.

జమీందారు తెలియక తవ్వించాడు, గవర్నరు తెలిసే తవ్వించాడు. ఇద్దరి పలుగూ ఒకే తొందరలో పడింది. ముందు చూసి, కొలిచి, చదివి, రాసుకుని ఆ తర్వాత చెయ్యి వేద్దామన్న ఓపిక ఇద్దరికీ లేకపోయింది. ఊరు కట్టేవాళ్లకూ పాతవి కాపాడేవాళ్లకూ నేను చెప్పదలచుకున్నది ఒకటే. రాయి మీద చెయ్యి వేసేముందు రాయిని చదవాలి.

మరి స్తూపాన్ని కట్టినవాళ్లు పాత రాయిని ఏం చేసేవారు? దీనికి జవాబు చెప్పే పలక ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒక ముఖాన బోధివృక్షం. దాని కింద ఖాళీ ఆసనం. చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. బుద్ధుడు బొమ్మగా ఉండడు, ఆసనమే ఆయన. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో చెక్కిన పని అది. ఇప్పుడు అదే పలకకు రెండో వైపు చూడండి. అక్కడ ఏకంగా స్తూపమే ఉంది. నిండైన అండం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఎదురుగా ఐదు ఆయక స్తంభాలు, పైన గాలిలో తేలే దేవతలు. ఇది మూడో శతాబ్దపు ఉలి. మధ్యలో సుమారు మూడు వందల ఏళ్లు గడిచాయి.

ఆ శిల్పి దగ్గరికి ఒక్కసారి వెళ్లి నిలబడదాం. స్తూపాన్ని పెంచుతున్నారు, కొత్త అలంకారం కావాలన్నారు. ఎదురుగా తాతల తాతల నాటి పాత పలక. ఆ పద్ధతి పాతబడింది, కొత్తవాళ్లకు నచ్చదు. ముఖం చెక్కేసి నున్నగా చెయ్యొచ్చు. పగలగొట్టి పునాదిలో పొయ్యొచ్చు. అతను ఆ రెండూ చెయ్యలేదు. రాయిని తిప్పాడు. పాత బొమ్మను లోపలికి పెట్టి, ఖాళీగా ఉన్న వీపు మీద తన కాలానికి కావలసింది చెక్కాడు. స్తూపం పెరిగింది, పాత మొక్కు పాత మొక్కుగానే మిగిలింది. అతను కొత్తగా చెక్కిన ఆ వైపునూ అలాంటి పలకల్నీ చూసే ఈ రోజు మనం మహాచైత్యం ఎలా ఉండేదో ఊహించగలుగుతున్నాం. దిన్నె మీద పోయిన స్తూపం ఆ పలకల మీద ఉంది.

రాయి చిన్నదైనా చదవాలి అనడానికి ఇంకో ఉదాహరణ. అమరావతిలో దొరికిన ఒక విరిగిన పలక మీద "నాగబు" అన్న మాట ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు దాన్ని గుర్తించి ఇది తెలుగు మాట అన్నారు. మనకు రాతలో దొరికిన అతి పాత తెలుగు మాటల్లో ఒకటిగా పండితులు దాన్ని చెప్పుకుంటారు. నాలుగు అక్షరాలైనా లేని ముక్క. పక్క ముక్కలు ఏ బట్టీలో కాలాయో, ఏ మెట్టు కింద ఉన్నాయో. ఆ ఒక్కటీ బట్టీ దారి పట్టి ఉంటే మన భాష వయసు లెక్కలో ఒక మెట్టు పోయేది.

ఇప్పుడు పల్నాడులోనే ఇంకోవైపు, మాచర్ల దిక్కుకు పోదాం. నాగార్జునకొండ లోయ, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో అది బయటపడింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. డ్యామ్ కడితే లోయంతా నీళ్లలోకి పోతుంది. కట్టకపోతే లక్షల ఎకరాలకు నీళ్లు రావు. ఇంతకన్నా గట్టి తగువు ఉంటుందా? 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖకు చెందిన ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయను వరసగా తవ్వారు. దొరికిన ప్రతి కట్టడాన్నీ కొలిచారు, పటం గీశారు, ఫొటో తీశారు. ముఖ్యమైన వాటిని విప్పి కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకూ చేర్చి మళ్లీ పేర్చారు. కొన్నింటికి నమూనాలు కట్టారు. ఈజిప్టులో అస్వాన్ డ్యామ్ కోసం అబూ సింబెల్ గుళ్లను కోసి పైకి ఎత్తడం మొదలైంది 1964లో. మన పల్నాడు అంతకు ముందే ఆ పాఠం చదివింది.

అది సంపూర్ణ విజయమని నేను అనను. కట్టడాన్ని దాని నేల నుంచి లేపితే కొంత ప్రాణం పోతుంది. ఆ లోయలో ఇళ్లూ పొలాలూ వదిలి లేచిపోయిన పల్లెల వాళ్లకు ఏ మ్యూజియం బదులు తీర్చదు. కానీ అమరావతితో పోల్చి చూడండి. అమరావతిలో ముంచుకొచ్చే నీళ్లు లేవు, తరిమే గడువు లేదు, అయినా ఏ రాయి ఎక్కడిదో తెలియకుండా పోయింది. నాగార్జునకొండలో నీళ్లు తరుముతున్నా ఏది ఎక్కడ ఉండేదో పటంలో వేలు పెట్టి చూపించగలం. రాసి పెట్టుకున్న ఓపిక ఫలం అది.

మళ్లీ ఇవాళ్టి అమరావతికి వద్దాం. రాష్ట్రం విడిపోయాక కొత్త రాజధానికి ఈ ఊరి పేరే పెట్టుకున్నాం. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. 29 గ్రామాల రైతులు 33 వేలకు పైగా ఎకరాలు ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజధాని గుంటూరు జిల్లాలో, అసలు అమరావతి పల్నాడు జిల్లాలో పడ్డాయి. పేరు ఒక జిల్లాలో, ఊరు ఇంకో జిల్లాలో! రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం అమరావతి శిల్పం నుంచే వచ్చింది. హైకోర్టుకు గీసిన నమూనాకు స్తూపం ఆకారమే తీసుకున్నారు. మంచిదే. ఆకారం మీద ఉన్న ఈ ప్రేమలో కొంత ఆ ఇటుక అరుగుకూ, దాని పక్క వీధుల్లో కాపురముంటున్న వాళ్లకూ దక్కాలి కదా.

ఆ వీధులవాళ్ల సంగతి మనం తక్కువ మాట్లాడతాం. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం, కేంద్రం రక్షించే కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదు. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాలి. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటిని బాగుచేసుకోవచ్చు, దానికీ అనుమతి కావాలి. చట్టం అవసరమే. అది లేకపోతే దిన్నె అంచుదాకా అపార్టుమెంట్లు లేచేవి. కానీ ఆ వంద మీటర్లలో పుట్టిన మనిషి వైపు నుంచి చూడండి. కొడుక్కి పెళ్లి చెయ్యాలి, పైన ఒక గది వెయ్యాలి. పక్క వీధి వాడు మూడంతస్తులు లేపుకున్నాడు, ఇతను అర్జీ పట్టుకుని తిరుగుతుంటాడు. స్థలం అమ్మబోతే ధర రాదు. మహాచైత్యం గొప్పతనం తెలుగువాళ్లందరిదీ, దాని బరువు మాత్రం ఆ నాలుగు వీధుల మీద.

ఆ మనిషికి స్తూపం మీద ప్రేమ పుట్టాలంటే ఉపన్యాసాలు చాలవు. పట్టణాల్లో రోడ్డు వెడల్పు చేస్తే స్థలం పోయినవాళ్లకు టీడీఆర్ బాండ్లు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు, ఇస్తున్నాం. ఊరి చరిత్ర కోసం మేడ వదులుకున్న వాడికి అలాంటిదేదో ఎందుకు ఉండకూడదు? ఇంటి పన్నులో తగ్గింపు ఎందుకు ఇవ్వకూడదు? బాగుచేసుకునే అనుమతిని ఊళ్లోనే, గడువు లోపల ఎందుకు తేల్చకూడదు? వచ్చిన యాత్రికుడికి ఆ వీధుల్లో గది దొరికి, భోజనం దొరికి, వాళ్ల పిల్లలే స్తూపం చూపించి నాలుగు రూపాయలు సంపాదించుకునే రోజు వస్తే, ఇక దానికి కాపలా పెట్టనక్కర్లేదు. కంచె వేసి కాపాడితే గడ్డి మిగులుతుంది. స్తూపం మిగలాలంటే ఊరు దాన్ని తనదనుకోవాలి.

రాజధానిలో ఇంకా పునాదులు తవ్వుతున్నారు. పక్కన ధరణికోట మట్టిగోడలున్నాయి. 1960ల్లో అక్కడ తవ్వితే ఇటుకతో కట్టిన రేవు, పడవల కాలువ బయటపడ్డాయి. ఇటువైపు ఉండవల్లి గుహలున్నాయి. ఇలాంటి నేల మీద ఎక్కడ పొక్లెయిన్ దిగినా కింద ఏముందో చూసే కన్ను ఒకటి పక్కన ఉండాలి. పాత ఇటుక ముక్క తగిలితే పని ఆపి కబురు చెయ్యాలని కాంట్రాక్టరుకూ కూలీకీ ముందే చెప్పి ఉండాలి. అలా ఆపినందుకు అతని కూలి కొయ్యకూడదు. ఇది కోట్ల ఖర్చుతో అయ్యే పని కాదు.

చివరగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా పల్లెలో తాతల నాటి మిద్దె ఉండేది. గోడలు నాపరాళ్లు, పైన టేకు దూలాలు, వాటి మీద చవుడు. వానొస్తే కారేది. ఇంటినిండా గిన్నెలు పెట్టుకునేవాళ్లం. అన్నదమ్ములం కూర్చుని పడగొడదామనుకున్నాం, పడగొట్టాం. అందుకు నేను బాధపడను. కారే మిద్దె కింద కాపురం చెయ్యమని ఎవరికి చెప్పగలం? ఆ రోజు నేనక్కడే ఉన్నాను. పాత టేకుకు ఏం ధర పలుకుతుందా అన్నదే నా ధ్యాస. నాపరాళ్లు ట్రాక్టరెక్కాయి, తలుపులు టింబర్ డిపో వాడు పట్టుకుపోయాడు. సాయంత్రానికి చదునైన నేల.

నడవలో ఎడమచేతి గోడకు ఒక దీపం గూడు ఉండేది. పైన కమాను తిరిగి, మసితో నల్లబడి ఉండేది. మా నాయనమ్మ రోజూ సందెవేళ అందులో ప్రమిద పెట్టేది. మొన్న మా మనవరాలు బడిలో పాత ఇంటి బొమ్మ గీసుకు రమ్మన్నారని కాగితం తెచ్చి, "తాతయ్యా, దీపం ఎక్కడ పెట్టేవాళ్లు? అది ఎంత ఎత్తులో ఉండేది?" అని అడిగింది. నేను చెయ్యి పైకెత్తాను. ఇంత అన్నాను. కాదేమో, అప్పుడు నేను చిన్నవాణ్ణి కదా అని కాస్త దించాను. మళ్లీ ఎత్తాను. పిల్ల పెన్సిలు పట్టుకుని నా చెయ్యి వంకే చూస్తోంది.

ఆ రోజు మేస్త్రీ జేబులో టేపు ఉంది. గోడ కూలకముందు ఒక్క నిమిషం అడిగి తీసుకుని కొలిచి ఉంటే సరిపోయేది.

మీ ఇంట్లో ఏదైనా పాతగోడ పడగొట్టే పని ఉంటే పడగొట్టుకోండి. ముందు రోజు సాయంత్రం మాత్రం ఒక టేపు, ఒక కాగితం పట్టుకుని లోపలికి వెళ్లి రండి.